పులిహోర మీద సాంబారు

ఆ శనివారం సికింద్రాబాద్‌లో వాయిద్యాల దుకాణానికి ఒట్టి చేతులతో వెళ్లాను. ఖాతాలో బోనస్ డబ్బు పడి మూడు రోజులైంది. ఇంట్లో మంచం కింద, ప్లైవుడ్ పలక మీద వెల్‌క్రోతో అతికించిన ఆరు గిటార్ పెడల్స్ ఉన్నాయి. వాటిని వెంట తీసుకెళ్లాలని తోచనే లేదు. కొనబోయేది ఆంప్, పెడల్స్‌తో పనేముంది? బూట్లు కొనడానికి వెళ్తూ సాక్సులు పట్టుకెళ్తామా అనుకున్నాను. బూట్లు కొనడానికి సాక్సులు వేసుకునే వెళ్లాలని మా ఆవిడ తర్వాత చెప్పింది.

దుకాణంలో కుర్రాడు రెండు ఆంప్‌లు ముందు పెట్టాడు. ఒకటి 15 వాట్ల వాల్వ్ కాంబో, లోపల ఒకే ఒక్క పన్నెండంగుళాల స్పీకర్. పేరెందుకులెండి, మంచి కంపెనీయే. అక్కడున్న గిటారే అందుకుని, వాల్యూమ్ సగానికి తిప్పి ఈ మైనర్ కొట్టాను. మెత్తగా మీటితే స్వరం శుభ్రంగా వచ్చింది. గట్టిగా మీటితే అంచులు సన్నగా చిరిగి, ఆ చిరుగులోంచి గొంతు నిండుగా పొంగింది. ఒళ్లు జల్లుమంది. రెండోది రోలాండ్ జేసీ-40. నల్ల పెట్టె, రెండు పదంగుళాల స్పీకర్లు, లోపల అంతా ట్రాన్సిస్టర్లు. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకటే మర్యాద. డాక్టరు రాసిచ్చిన పథ్యంలా ఉంది.

“దీంట్లో జీవం లేదు తమ్ముడూ,” అన్నాను.

“చాలామంది అదే అంటారన్నా,” అన్నాడు కుర్రాడు, దాని వైరు చుట్టేస్తూ.

ఇరవై నిమిషాల్లో మొదటి దానికి కార్డు గీకేశాను.

క్లీన్ ఆంప్ అంటే నాకు అంత చులకన ఎందుకో చెప్పాలి. నేను గిటార్ నేర్చుకున్నది పశ్చిమ గోదావరిలో మా ఊరి చర్చిలో. అక్కడ గిటార్ ఆంప్ అనేదే లేదు. పాస్టరుగారి మైకు, కీబోర్డు, నా గిటారు, అన్నీ ఒకే మిక్సర్‌లోకి, అక్కడినుంచి హాలు స్తంభాలకి కట్టిన పొడుగు స్పీకర్లలోకి. మామూలుగా వాయిస్తే బాగానే ఉండేది. ఒకసారి క్రిస్మస్ ముందు, విజయవాడ నుంచి తెచ్చుకున్న డిస్టార్షన్ పెడల్‌ని అందులోకే పెట్టి తొక్కాను. కందిరీగల తుట్టెని కర్రతో పొడిచినట్టయింది. ముందు వరసలో మామ్మగారు చెవులు మూసుకున్నారు. పాస్టరుగారు ప్రసంగం ఆపలేదు గానీ, నా వైపు చూసిన చూపులో ఒక ప్రసంగం ఉంది.

ఆ కందిరీగలకి కారణం చాలా ఏళ్లకి తెలిసింది. గిటార్ స్పీకర్ మిగతా స్పీకర్లలాంటిది కాదు. దాదాపు 5,000 హెర్ట్జ్ దాటాక పైస్వరాలు దాంట్లోంచి పెద్దగా బయటికి రావు. డిస్టార్షన్ పుట్టించే గరుకంతా అక్కడ జల్లెడ పట్టినట్టు ఆగిపోతుంది. చర్చి స్పీకర్లకి ఆ జల్లెడ లేదు, వాటి పని ప్రసంగంలో ప్రతి ‘స’కారాన్నీ చివరి బెంచీ దాకా చేర్చడం. నేను మాత్రం తప్పు స్పీకర్‌ని నిందించాల్సింది పోయి, శుభ్రంగా పలికేదేదైనా పెడల్స్‌కి పడదు అని సొంత సిద్ధాంతం ఒకటి కట్టుకున్నాను. సికింద్రాబాద్‌లో కార్డు గీకింది ఆ సిద్ధాంతమే.

ఇంట్లో నెల రోజులు స్వర్గం. పక్క ఫ్లాట్ వాళ్లకి భయపడి వాల్యూమ్ ఒకటి దాటనివ్వలేదు మరి. అసలు సంగతి జామ్ రూములో తేలింది. మా డ్రమ్మర్ వారమంతా కోడ్ రాసి, ఆదివారం ఆ కసి స్నేర్ మీద తీర్చుకునే మనిషి. అతని పక్కన నేను వినబడాలంటే వాల్యూమ్ ఆరు దాకా తిప్పాలి. ఆరు దగ్గర ఆంప్ తనే గరగరమంటోంది. ఆ గరగరలోకి నేను ఓవర్‌డ్రైవ్, ఆ వెనక డిలే, దాని వెనక రివర్బ్ పంపుతున్నాను. పల్లవిలో సీ మేజర్ నుంచి ఏ మైనర్‌కి మారేసరికి, పోవాల్సిన సీ పోదు, రావాల్సిన ఏ మైనర్ రాదు. రెండూ కలిసి అడుగంటిన పాయసంలా ఒకటే ముద్ద.

తప్పు పెడల్‌దే అనుకున్నాను. డిలే మార్చాను. తర్వాత పవర్ సప్లై మార్చాను. మంచి కేబుల్స్ వేశాను. ఒక కంప్రెసర్ కొన్నాను, దాంతో ముద్ద ఇంకాస్త గట్టిపడింది. ఏడాదిన్నరలో ఇలా పెట్టిన ఖర్చు లెక్క మా ఆవిడ దగ్గర ఉంది, నా దగ్గర లేదు.

సౌత్ లాలాగూడలో మా బేస్ గిటారిస్టు వాళ్ల పక్కింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఉన్నారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. కుర్రతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సులకి గిటార్ వాయించేవారు. ఒకరోజు మా ప్రాక్టీసు వినడానికి వచ్చి, మూడు పాటలు ఓపిగ్గా కూర్చుని, లేచి నా పెడల్ బోర్డు దగ్గర గొంతుక్కూర్చున్నారు. ఒక్కొక్క పెడల్ ఆపుకుంటూ వచ్చారు. అన్నీ ఆపాక ఒక కార్డ్ కొట్టమన్నారు. కొట్టాను. గర్ర్‌మంది.

“పెడల్ ఏదీ ఆన్‌లో లేదు కదా మ్యాన్. మరి ఇది ఎక్కడిది?”

“ఆంప్‌ది అంకుల్. దాని టోనే అది. వట్టిగా వింటే చాలా బాగుంటుంది.”

“బాగుంటది. పులిహోర కూడా బాగుంటది. పులిహోర మీద సాంబార్ పోస్కొని తింటవా?”

నేను జవాబు చెప్పలేదు. “సాంబార్ కావాలంటే తెల్లన్నం పెట్టుకో. నీ దగ్గర ఆరు కూరలున్నయి, అన్నం లేదు,” అని టీ తాగడానికి బయటికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి కూర్చుని ఇంజినీరింగ్‌లో నిద్రపోయిన పాఠాలు తిరగేశాను. ఆంప్ తన శక్తికి మించి పనిచేసినప్పుడు స్వరతరంగం కొనలు తెగిపోతాయి, కొబ్బరికాయ పైన కత్తితో చెక్కేసినట్టు. దాన్నే క్లిప్పింగ్ అంటారు. ఆ గరగర మనకి తియ్యగా వినిపించేది దానివల్లే. కానీ క్లిప్పింగ్‌లోకి రెండు స్వరాలు ఒకేసారి వెళ్తే, అవి రెండే బయటికి రావు. 200 హెర్ట్జ్ స్వరం, 300 హెర్ట్జ్ స్వరం కలిసి వెళ్తే, వాటి తేడా 100, వాటి మొత్తం 500 కూడా పిలవని పేరంటానికి వచ్చి కూర్చుంటాయి. ఈ జంట మన సా-పా లాంటిది, వచ్చిన చుట్టాలూ ఆ ఇంటివాళ్లే, కాబట్టి గొడవ లేదు. రాక్ గిటారిస్టులు డిస్టార్షన్‌లో ఆ రెండు స్వరాల కార్డే ఎక్కువగా కొట్టడం వెనక రహస్యం ఇదే. నా డిలే పెడల్ చేస్తున్న పని వేరు. అర సెకను కిందటి సీ మేజర్‌ని మోసుకొచ్చి, ఇప్పటి ఏ మైనర్‌తో పాటు అదే ఇరుకు గుమ్మంలోంచి తోస్తోంది. అన్ని స్వరాలకీ అన్ని చుట్టాలు. ఇల్లు నిండిపోయింది.

ఇంకొకటి కూడా ఉంది. డిలేలో ప్రతిధ్వనులు మెట్లు దిగినట్టు ఒకదానికంటే ఒకటి తగ్గాలి. మొదటి దెబ్బ కొననే ఆంప్ చెక్కేస్తుంటే, పెద్ద మెట్టుకీ చిన్న మెట్టుకీ తేడా ఎక్కడ మిగులుతుంది? అందుకే కొన్ని ఆంప్‌లకి వెనక ఎఫెక్ట్స్ లూప్ ఉంటుంది. ఆంప్ ముందు భాగంలో పుట్టే గరుకు దాటాక, పవర్ భాగానికి ముందు డిలేని కలుపుకోవచ్చు. నా దానికి లూప్ లేదు. ఉన్నా సగమే లాభం, ఎందుకంటే ఆరు దగ్గర అలిసిపోతున్నది పవర్ వాల్వులు కూడా.

సరే, ఎక్కువ వాట్లది కొంటే పోలా అనుకున్నాను. ఇక్కడ లెక్క మన అంచనాకి అందదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అంటే 15 నుంచి 30కి వెళ్తే మా డ్రమ్మర్ కనీసం తలెత్తి కూడా చూడడు. క్లీన్‌కి దశాబ్దాలుగా పేరు మోసిన ఫెండర్ ట్విన్ రివర్బ్ 85 వాట్లది, రెండు పన్నెండంగుళాల స్పీకర్లు, బరువు సుమారు 29 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ అన్నమాట. మాది మూడో అంతస్తు, లిఫ్టు మూడ్‌ని బట్టి నడుస్తుంది. దాని తమ్ముడు డీలక్స్ రివర్బ్ 22 వాట్లది, గొప్ప గొంతు, కానీ సగం తిప్పేసరికి అదీ చిరగడం మొదలుపెడుతుంది. చిన్న కెఫేకి చాలు. మా డ్రమ్మర్‌కి చాలదు. ధర విన్నాక ఆ చర్చ దానంతటదే ముగిసింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ పథ్యం పెట్టె. దాని పెద్దన్న జేసీ-120ని రోలాండ్ 1975లో తెచ్చింది. అందులో 60 వాట్ల ఆంప్‌లు రెండు, ఒక్కోదానికి ఒక్కో పన్నెండంగుళాల స్పీకర్. కోరస్ ఆన్ చేస్తే ఒక స్పీకర్ ఉన్నది ఉన్నట్టు పలుకుతుంది, రెండోది క్షణంలో ఎన్నో వంతు ముందూ వెనకా ఊగుతూ పలుకుతుంది. రెండూ గాలిలో కలుస్తాయి, వైరులో కాదు. మరుసటేడు వచ్చిన బాస్ సీఈ-1 కోరస్ పెడల్ ఆ పెట్టెలోంచి పుట్టిందే. దశాబ్దాలపాటు స్టూడియోల్లోనూ స్టేజీల మీదా జేసీ-120 నిలబడటానికి కోరస్ ఒక్కటే కారణం కాదు. ఎంత తిప్పినా దాని గొంతు చెదరదు. నేను జీవం లేదన్నది దాన్నే.

రెండోసారి దుకాణానికి వెళ్లినప్పుడు నాతో నా గిటారు, నా పలక, నా అడాప్టరు, చివరికి నా ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా ఉన్నాయి. మెట్రోలో సెక్యూరిటీ ఆయన పలకని రెండుసార్లు స్కాన్ చేసి, “ఇదేం మిషన్ సార్?” అన్నాడు. దుకాణంలో అదే కుర్రాడు. జేసీ-40 అడిగేసరికి నా మొహం కేసి చూశాడు, గుర్తుపట్టాడో లేదో మరి.

ముందు ఏ పెడల్ లేకుండా పది నిమిషాలు వాయించాను. చప్పగానే ఉంది, అందులో మార్పేం లేదు. పైగా నా చిటికెన వేలు తీగని సరిగ్గా నొక్కక జుయ్‌మంటుందని ఇన్నేళ్లలో మొదటిసారి విన్నాను. ట్రెబుల్ నాలుగుకి దించాను. తర్వాత నా ఓవర్‌డ్రైవ్, ట్యూబ్ స్క్రీమర్ తొక్కాను. ఆ పచ్చ పెడల్ 700 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాన్ని కాస్త ఉబ్బిస్తుంది, అడుగునున్న బరువు తగ్గిస్తుంది. నా పాత ఆంప్‌లో ఆ ఉబ్బు గరగరలో కలిసి మాయమైపోయేది. ఇక్కడ అది స్పష్టంగా ముందుకొచ్చి నిలబడింది. దాని మీద డిలే. వాల్యూమ్ మా జామ్ రూము స్థాయికి పెంచాను. దుకాణం యజమాని లెడ్జర్ మీంచి తలెత్తారు. సీ మేజర్ కొట్టి ఆగాను. ఒకటి, రెండు, మూడు, దిగుతున్న మెట్లు వినిపించాయి. మూడో మెట్టు మీద ఏ మైనర్ కొట్టాను. సీ తన దారిన తను సన్నబడి వెళ్లిపోయింది, ఏ మైనర్ వచ్చి కూర్చుంది. ఏడాదిన్నర కిందట ఇదే దుకాణంలో, ఇదే స్టూలు మీద ఈ పని చేసుంటే అయిపోయేది.

బరువు 16 కిలోలకి అటూ ఇటూ. ఖాళీ సిలిండర్. భుజాన వేసుకుని మెట్లెక్కితే రెండో అంతస్తులో ఒక్కసారి ఆగాలి, అంతే.

పాత వాల్వ్ ఆంప్ అమ్మేశాను, కొన్న కుర్రాడు పెడల్స్ వాడడట, సరాసరి అందులోకే వాయిస్తాడట. వాడి చేతిలో అది ఎలా పలికిందో విని కాస్త బాధేసింది కూడా. ఎవరి పులిహోర వాళ్లకి అమృతం.

ఇంత చేసినా ఒక పెడల్ మాత్రం దారికి రాలేదు. నా ఫజ్. జేసీ ముందు పెడితే మా ఊరి చర్చి కందిరీగలే, కాకపోతే కొంచెం చదువుకున్నవి. ట్రెబుల్ సున్నాకి దించినా, గిటార్ మీద టోన్ నాబ్ తగ్గించినా అంతే. విషయం లాలాగూడ పెద్దాయనకి మొరపెట్టుకుంటే, ఆయన లోపలి గదిలోంచి ఒక ఇనప పెట్టె ఈడ్చుకొచ్చారు. ఎప్పుడో కోఠీలో రేడియో మెకానిక్ చేత కట్టించుకున్న వాల్వ్ ఆంప్. స్పీకర్ మీద గుడ్డ మూడు రంగులు మారింది. వేడెక్కడానికి ఒక నిమిషం పట్టింది, దుమ్ము కాలిన వాసన వచ్చింది, 50 హెర్ట్జ్ హమ్ తంబురాలా మొదలైంది. ఫజ్ తగిలించి ఒక్క స్వరం మీటాను. లావుగా, నున్నగా, బెల్లం పాకం తీగ సాగినట్టు సాగింది.

“నువ్వు తెల్లన్నం అన్నావు కదంకుల్,” అన్నాను, తొందరలో ‘మీరు’ అనడం కూడా మర్చిపోయి.

“ఆవకాయకి తెల్లన్నం మ్యాన్. ఇది ఆవకాయ కాదు. ఇది మిర్చిబజ్జి. దీనికి పులిహోరే.”

ఫజ్ ఇప్పుడు వాళ్లింట్లోనే ఉంటోంది. ఆదివారం చర్చి అయ్యాక వెళ్తాను. ఆయన నిమిషం ముందే ఆంప్ ఆన్ చేసి, వేడెక్కడానికి వదిలి, గేటు దగ్గర నిలబడి ఉంటారు.