పానకరసన్యాయమూ, ఒక ఇటాలియను శాండ్‌విచ్చీ

అలంకారశాస్త్రం చదువుకొన్నవారికి పానకరసన్యాయం తెలిసినదే. బెల్లం, మిరియం, ఏలకి, నీరు వేటికవే వేరు. కలిపిన పిమ్మట పుట్టే రుచి వీటిలో ఏ ఒక్కదానిదీ కాదు. రసనిష్పత్తిని వివరించడానికి మన పెద్దలు వాడిన ఈ పోలికను పై తరగతుల పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పాను. దానికి ఉదాహరణ న్యూజెర్సీలో, మా అమ్మాయి ఇంటి వంటగదిలో, ఒక పొడుగు రొట్టెలో దొరుకుతుందని ఊహించలేదు.

అక్కడి ఇటాలియను డెలీ దుకాణాల గురించి ముందు నాలుగు మాటలు. ఇటలీ నుండి వలస వచ్చినవారు అమెరికాలో రూపుదిద్దిన తిండి ఇది. పొడుగు రొట్టెను అడ్డంగా చీల్చి, ఉప్పులో ఊరి ఆరిన పందిమాంసపు సలామీ, ప్రొవలోనె చీజ్, లెట్యూస్ ఆకు, టొమేటో, ఉల్లి పొరలు పొరలుగా పేర్చి, పైన నూనె, వినెగరు, ఒరెగానో చల్లుతారు. పేర్లకు కొదవ లేదు. న్యూయార్కులో హీరో, ఫిలడెల్ఫియాలో హోగీ, న్యూ ఇంగ్లండులో గ్రైండర్, న్యూజెర్సీలో సబ్. మాండలికాల మీద మనసు గలవాడిని కనుక తిండి కంటె ముందు ఈ పేర్లే నాకు రుచించాయి.

తినడమే కష్టం. నావి కట్టుడుపళ్లు. అంత మందం గల రొట్టెను కొరికితే రొట్టె నోటిలోనూ, మాంసపు పొర బయటనూ, ఉల్లిచక్రం చొక్కా మీదనూ ఉంటాయి. అందుచేత విప్పి, ఒక్కొక్క పొరనూ వేరుగా తినేవాడిని. పన్నెండేళ్ల మనుమరాలు ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ దిక్కులు చూసేది. రానురాను నన్ను పిలవడం మాని తండ్రితోనే దుకాణానికి వెళ్లసాగింది.

అన్నిటినీ తరిగి కలిపే ఈ పద్ధతి 2023లో టిక్‌టాక్ వీడియోల వలన బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ పిల్ల ఎక్కడో చూసి, ఒక శనివారంనాడు, 'ఇది నువ్వు తినగలవు' అని ఇంగ్లీషులో చెప్పి నన్ను చెక్కపీట ముందుకు లాగుకొనిపోయింది.

మా ఇంట పంది, గొడ్డు మాంసాలు ముట్టరు. టర్కీకోడి పొరలు తెచ్చాము. సలామీ లేని ఇటాలియనా అని డెలీవారు నవ్వవచ్చు. వినెగరు, ఒరెగానోల వాసన ఉన్నంతవరకు ఆ పేరు నిలుస్తుందని నా తీర్పు.

ఇద్దరికి ఎనిమిది పొరల మాంసం, నాలుగు పొరల చీజ్, గుప్పెడు లెట్యూస్, ఒక టొమేటో, కాస్త ఉల్లి, వినెగరులో ఊరిన పెపరొన్చీనీ మిరపకాయలు నాలుగు. (మిరప 1492 తరువాతనే అమెరికా ఖండం నుండి ఇటలీకీ మనకూ చేరింది. వారు ఈ కాయను సాధువును చేశారు, మనము ఉగ్రమూర్తిని చేసికొన్నాము.) ఆకు తడి లేకుండా తుడవాలి, టొమేటో గింజలూ నీరూ తీసివేయాలి. లేకుంటే అది పులుసవుతుంది. అన్నిటినీ పీట మీద కుప్పపోసి, బరువైన కత్తితో సెనగగింజ ప్రమాణానికి తరగాలి. పిమ్మట రెండు చెంచాల మయొనైజ్, చెంచా ఆలివ్ నూనె, చెంచా రెడ్ వైన్ వినెగరు, ఒరెగానో, మిరియాలపొడి. ఉప్పు చూసి వేయాలి. మాంసంలోనూ చీజులోనూ ఇదివరకే ఉంది. రొట్టె లోపలి మెత్తని భాగం కొంత తీసి, పెనం మీద కాల్చి, అందులో కూరి వెంటనే తినాలి.

టకటక కత్తి ఆడిస్తూ, 'చాప్' అనే మాటకు తెలుగేమిటని అడిగింది. నేను తెలుగులో ఏమన్నా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల తనంతట తాను ఒక మాట అడగడం అదే మొదలు. కూర తరుగుతాము, పండు కోస్తాము, చెరకు నరుకుతాము, కట్టెలు కొడతాము, కొబ్బరి కోరుతాము, ఆకు తుంచుతాము అని చెప్పుకొనిపోయాను. మరి ఇదేది అంటుంది. ఆకునూ మాంసాన్నీ చీజునూ ఒకే కత్తికి అప్పగించే పనికి ఏ క్రియ ఇమ్మంటారు? చివరకు తానే 'తరుగు' ఎంచుకొన్నది. రకారాన్ని నాలుక మడిచి పలికింది, దిద్దలేదు. ఉద్యోగంలో ఉండగా అయితే దిద్దకుండా ఉండేవాడిని కాను.

ప్రతి ముద్దలోనూ పులుపు, ఉప్పు, రవంత కారం ఒక్కసారే తగిలాయి. చొక్కా శుభ్రంగా ఉన్నది. పేర్చినది ద్వంద్వసమాసం, తరిగినది సంధి అని చెప్పబోయి, మరొక రోజుకు దాచుకొన్నాను. గిన్నెలో కొంత మిగిలింది. రాత్రికి వేడి అన్నంలో కలుపుకొంటానన్నాను. 'తాతయ్యా, వద్దు!' అని అచ్చతెనుగులో కేకవేసి గిన్నె లాగుకొన్నది.