ముద్ర చూసి కట్టండి

పోయిన ఏడాది జూన్ నెలలో వారం రోజులపాటు నా ఫోను ఊరికే మోగుతానే ఉండింది. తప్పు నాదే. ఇంకెవరూ ఆ తప్పు చేయకూడదని ఇది రాస్తున్నాను.

నేను బి.కాం చదివి పదేళ్లయింది. మైసూరు రోడ్డులో ఒక గార్మెంట్స్‌లో లెక్కలు రాస్తాను. పై పోస్టు అడిగితే "ఎం.కాం ఉంటే చూద్దాం" అన్నారు. ఆ రాత్రి గిన్నెలు తోమేసి, ఫోనులో గూగుల్ తెరిచి "బెంగళూరు ఎం.కాం" అని కొట్టాను. అన్నిటికన్నా పైన వచ్చినదాంట్లో సలహా ఉచితం అని ఉంటే పేరు, నెంబరు ఇచ్చేశాను. పైన వచ్చేవి చాలావరకు డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలని నాకప్పుడు తెలియదు.

పది నిమిషాల్లో ఫోన్లు మొదలు. ఒకామె మంచి తెలుగులో, "ఒక్క సంవత్సరంలో అయిపోతుంది అక్కా, పరీక్ష ఇంట్లోనే రాసుకోవచ్చు. ఈరోజే పదిహేను వేలు కడితే సీటు మీది" అంది.

నాయన అదంతా వింటా ఉన్నాడు. బిన్నీ మిల్లులో జీవితమంతా అరిగిపోయిన మనిషి. కంటి ఆపరేషనుకని దాచుకున్న డబ్బు ట్రంకులో నుంచి తీసి నా చేతిలో పెట్టాడు. "నా కంటికి ఇంకో ఏడాది ఏం కాదులే పాపా, కట్టు" అన్నాడు. మళ్లీ ఆయనే కాసేపాగి, "మా మిల్లులో ముద్ర లేని తాను గేటు దాటేది కాదు. డిగ్రీకి ముద్ర ఎవరు వేస్తారు?" అని అడిగాడు.

నాకు జవాబు తెలియలేదు. డబ్బు మళ్లీ ట్రంకులో పెట్టించాను.

మరుసటి రోజు పక్కింటి పిల్లవాడు చూపించాడు. ఆ ముద్ర యూజీసీది. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం ఎవరు పడితే వాళ్లు డిగ్రీ ఇవ్వకూడదు. దూరవిద్యకు, ఆన్‌లైన్ చదువుకు యూజీసీలో డీఈబీ అని వేరే విభాగం ఉంది. ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకు, ఏ ఏడాదికి అనుమతి ఉందో వాళ్ల వెబ్‌సైటులో జాబితా ఉంటుంది. ఆమె చెప్పిన పేరు అందులో లేదు. మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు పీజీ రెండేళ్లు. ఒక్క ఏడాది అనగానే నాకు అనుమానం రావాల్సింది. ఆమె మళ్లీ ఫోన్ చేసినప్పుడు "మీ పేరు డీఈబీలో ఎక్కడుందమ్మా?" అన్నాను. లైను కట్ అయింది.

మన పిల్లలకు పనికొచ్చే సంగతులు ఇవి. యూనివర్సిటీ పేరుంటే చాలదు, మీ కోర్సు పేరు, ఆ ఏడాది కూడా ఉన్నాయా అని చూడండి. కాలేజీకి పోయి చదివేటట్లయితే కర్ణాటకలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల పీజీ దరఖాస్తులు యూయూసీఎంఎస్ అనే వెబ్‌సైటులో వేయాల. ఎంబీఏ, ఎంసీఏకయితే కేఈఏ పెట్టే పీజీసెట్ రాయాల. స్కాలర్‌షిప్పుకు ఎస్ఎస్‌పీ చూడండి. ఫీజు యూనివర్సిటీ సొంత వెబ్‌సైటులోనే కట్టండి, మధ్యవాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. సొంతంగా చూసుకోను రాకపోతే చదువుకునే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, అందులో సిగ్గేం లేదు.

చివరికి 1985లో పెట్టిన ఇగ్నోలో ఎం.కాం చేరాను. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. ఉద్యోగం మానాల్సిన పని లేదు. ఫీజు నా జీతంలోనే కట్టుకున్నాను.

ట్రంకులో డబ్బుతో ఆగస్టులో నాయన కంటికి ఆపరేషను అయింది. పుస్తకాల పార్సిలు వచ్చిన రోజు, దాని మీద నా పేరు నాకంటే ముందు ఆయనే చదివాడు.