వెనుక నుండి వచ్చేవాడు



ఈ నెల సైకిలు సంగతి వ్రాయదలిచాను. పత్రికలో సైకిలు గొడవ ఏమిటని కొందరు అనుకోవచ్చు. మానుకోట చుట్టుపట్ల పల్లె సంఘాలలో ఆదివారం ఉదయం గుడి గోడకు ఆనించిన సైకిళ్ళు ఇంకా కనబడుతున్నాయి. మోటారు సైకిళ్ళు పెరిగిన మాట నిజమే. కాని మిరప తోటలకు కూలికి పోయేవారు, పాలు పోసేవారు, బడికి పోయే పిల్లలు, పెట్రోలు ఖర్చు భరించలేని పెద్దవారు ఇంకా సైకిలు మీదనే తిరుగుతున్నారు. వారి ప్రాణము గూర్చిన మాట గనుక వ్రాయవలసి వచ్చింది.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా సంఘ యువకుడొకడు మొన్న సెలవుకు వచ్చి, "అయ్యగారూ, సైకిలు వెనక బిగించే కెమెరాలు వచ్చినయి. మన సంఘం తరఫున కొన్ని కొనియ్యరాదా?" అని అడిగాడు. ఊరికే అడిగిన ప్రశ్న కాదది. పోయిన వడ్ల కోతల కాలంలో మా సంఘ పెద్ద ఒకరు గృహ ప్రార్థన ముగించుకొని రాత్రి సైకిలు మీద తిరిగి వస్తుండగా వెనుక నుండి ఏదో బండి గుద్దింది. ఆగకుండా పోయింది. ఆయన తెల్లవారక ముందే ప్రభువు నొద్దకు వెళ్ళిపోయారు. గుద్దిన బండి ఏదో నేటికీ తెలియదు. ఆయనకు మనవడి వరస అయ్యే ఈ అబ్బాయి మనసులో అదే నలుగుతున్నది.

కాబట్టి ఆ కెమెరాల సంగతి తెలుసుకున్నాను. 2014లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు సైక్లిక్ కంపెనీ వారు 'ఫ్లై6' అనే వస్తువు తెచ్చారు. సీటు కింద బిగించే ఎర్ర లైటులోనే చిన్న కెమెరా ఉంటుంది. 2022లో గార్మిన్ కంపెనీ ఇంకొక అడుగు వేసి, లైటు, కెమెరా, రాడారు మూడూ కలిపి ఒకే డబ్బాలో పెట్టింది. వెనుక 140 మీటర్ల దూరంలో బండి వస్తుండగానే అది పసిగట్టి ముందున్న తెర మీదనో ఫోనులోనో హెచ్చరిక ఇస్తుంది. అమ్మకానికి వచ్చిననాడు దాని ధర 400 డాలర్లు. మన కూలివాని సైకిలు వంటివి అయిదారు కొనవచ్చు.

ధర ఎక్కువని మాత్రమే దాన్ని తోసివేయను. కెమెరా సాక్షి. బ్రిటన్ దేశంలో సైకిలువారు తీసిన వీడియోలను పోలీసులు తీసుకొని, నిర్లక్ష్యంగా నడిపినవారి మీద చర్య తీసుకుంటున్నారు. వేల్సులో 2016 నుండి దీనికోసం ప్రత్యేక ఏర్పాటే ఉన్నది. మన దగ్గర కూడా గుద్దిన బండి నంబరు తెలిస్తే బాధిత కుటుంబం ట్రిబ్యునల్లో కేసు వేసి బీమా కంపెనీ నుండి తగిన పరిహారం పొందవచ్చు. నంబరు తెలియకపోతే, 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన కేంద్ర పథకం కింద చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు. అంతకు ముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే. ఈ పథకం ఉన్నదని ఎరుగక ఊరుకున్న కుటుంబాలు ఉన్నాయి. మీ సంఘంలో అటువంటివారుంటే రెవెన్యూ అధికారుల దగ్గరకు తోడుగా వెళ్ళండి. దరఖాస్తు అక్కడే పెట్టాలి. ప్రార్థన చేసి పంపితే చాలదు.

అయితే ఆ పెద్దాయన కూతురు అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉన్నది. కెమెరా మాట ఎత్తినప్పుడు ఆమె, "మా నాయిన వెనక చూసుకున్నా యాడికి పోతుండె అయ్యగారూ? ఒక పక్క వడ్లు, ఒక పక్క కాలువ" అన్నది. ఆమె చెప్పినది నిజం. వానకాలం కోతలప్పుడు మన రోడ్లు సగం కల్లాలవుతాయి. వడ్లు, మక్కలు తారు మీద ఆరబోసి, బండ్లు తొక్కకుండా అంచున బండరాళ్ళు పేర్చి, పైన పట్టాలు కప్పి ఇంటికి పోతాము. కల్లాలకు చోటు లేక చేసే పని అది. రైతు కష్టం నాకు తెలియనిది కాదు. కాని చీకటి పడ్డాక ఆ రాళ్ళు తప్పించుకోవడానికి సైకిలువాడు రోడ్డు నడిమికి రావలసిందే.

ఇక్కడ చిన్న లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వస్తుంది. సైకిలు 15 వేగంతో పోతే సెకనుకు 4 మీటర్లు. అంటే వారి మధ్య దూరం సెకనుకు పన్నెండు మీటర్ల పైచిలుకు తరిగిపోతుంది. చీకటిలో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి 40 మీటర్ల దూరంలో డ్రైవరు కంటబడ్డాడనుకోండి, మిగిలినది మూడు సెకన్లు. డోర్నకల్ మొదటి బిషప్పు అజరయ్య గారు 1912లో అభిషేకం పొంది ఎద్దుల బండి మీద ఊరూరా తిరిగిన కాలంలో వెనుక నుండి వచ్చేది ఇంకొక ఎద్దుల బండే. ముందున్నవాడిది, వెనుకవాడిది ఒకటే నడక. ఇప్పుడు ఒకే బాట మీద నాలుగింతల తేడా ఉన్నది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అన్ని రకాల బండ్లు కలిపి చూస్తే, ఆ చావులలో అన్నిటికంటే పెద్ద వాటా వెనుక నుండి గుద్దిన ప్రమాదాలదే, సుమారు అయిదింట ఒకటి.

కాబట్టి ముందున్నవాడు వెనుకకు చూడటం కంటే వెనుకవాడికి కనబడటం ముఖ్యమని నా అభిప్రాయం. దానికి నాలుగు వందల డాలర్లు అక్కర లేదు. నంబరు ప్లేట్ల దుకాణంలో దొరికే రేడియం స్టిక్కరు చాలు. (పేరుకే రేడియం, అందులో రేడియం ఏమీ లేదు.) సన్నని గాజు పూసలో పలకలో పొదిగిన ఆ పట్టీ, పడిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. దీపం ఎవరిదో వారి కంటికే మెరుస్తుంది. పాత సైకిళ్ళ వెనుక మడ్‌గార్డు చివర తెల్లరంగు, ఎర్ర బిళ్ళ ఉండేవి గదా, అవి అలంకారానికి పెట్టినవి కావు. సైకిళ్ళకు ఇటువంటి మెరిసే బిళ్ళలు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు కూడా ఇచ్చింది. కొత్త సైకిలు కొన్న రోజే పిల్లలు వాటిని ఊడబీకుతారు. ఊడనివ్వకండి.

అద్దం సంగతి వేరు. క్యారియరు మీద పాల క్యాన్లో గడ్డిమోపో పెట్టుకున్నవాడు మెడ తిప్పి చూడలేడు. తిప్పితే హ్యాండిల్ కూడా తిరుగుతుంది. మెడ నొప్పి ఉన్న పెద్దవారికీ అంతే. వారికి కుడి వైపు ఒక అద్దం బిగించుకోవడం మంచిది. నాగలి మీద చెయ్యి వేసి వెనుకకు చూడరాదని లూకా 9వ అధ్యాయములో ఉన్నది గదా అని ఒక సహోదరుడు నాతో వాదించాడు. ప్రభువు అక్కడ శిష్యుని మనసు గూర్చి చెప్పాడు గాని మానుకోట రోడ్డు గూర్చి కాదు!

లేఖనములలో వెనుక నడిచేవారి సంగతి తక్కువేమీ లేదు. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో అమాలేకీయుల మీద దేవునికి అంత కోపం ఎందుకో చూడండి. ఇశ్రాయేలీయులు అలసి సొలసి నడుస్తుండగా, వారు వచ్చి వెనుకబడిన బలహీనుల మీద పడ్డారు. ఎర్ర సముద్రము దగ్గర ముందు నడిచిన మేఘస్తంభము వెనుకకు వచ్చి నిలిచింది. సంఖ్యాకాండము 10లో దాను గోత్రము అన్ని పాళెములకు వెనుక నడిచింది. ఎవడైనా నడవలేక ఆగిపోతే వారికి కనబడకుండా పోడు.

అయితే ఈ మాట చదివే మనమెవరము? సైకిలు తొక్కేవారమే కాము, వెనుక నుండి వచ్చేవారము కూడా మనమే. ఆటోలు నడిపేవారు, మోటారు సైకిళ్ళవారు, మానుకోట, కేసముద్రం మార్కెట్లకు ట్రాక్టర్లతో మిర్చి, వడ్లు తోలేవారు మన సంఘాలలోనే ఉన్నారు. వెనుక లైటు లేని ట్రాలీని రోడ్డు పక్కన ఆపి టీ తాగబోయే తమ్ముడు రేపు గుడిలో ముందు వరుసలో కూర్చుంటాడు. క్రొత్త ఇల్లు కట్టితే పైకప్పుకు పిట్టగోడ కట్టమని, ఎవడైనా పడి చస్తే ఆ రక్తదోషము ఇంటి మీదికి వస్తుందని మోషే ధర్మశాస్త్రములో ఉన్నది (ద్వితీయోపదేశకాండము 22:8). పడినవాడు జాగ్రత్తగా చూసుకోలేదని దేవుడు అనలేదు. ఇల్లు ఎవరిదో వారిని అడిగాడు. ఈ వచనము మీద ప్రసంగం నేను ఎక్కడా వినలేదు. పిట్టగోడలు కట్టే మేస్త్రీలు మాత్రం మన సంఘాలలో చాలామంది.

కెమెరాలు వద్దని ఆ యువకుడికి చెప్పాను. అతడు కొంచెం నొచ్చుకున్నాడు గాని, మరుసటి శనివారం మానుకోట పోయి ఎర్ర రేడియం చుట్టలు రెండు తెచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక యువకులు గుడి ముందు సైకిళ్ళన్నీ వరుసగా పెట్టి, గుడ్డతో మడ్‌గార్డులు తుడిచి, ఒక్కొక్క దానికి జానెడు పట్టీ అంటించారు. పాలు పోసే ఆయన క్యాన్లకు కూడా అంటించమన్నాడు. ఒక అవ్వ తన చేతికర్ర తెచ్చి ముందుకు చాపింది. పెద్దాయన కూతురు తండ్రి సైకిలును నడిపించుకుంటూ తెచ్చింది. వెనుక చక్రం సొట్ట తీయించింది, ఇప్పుడు దాన్ని ఆమె కొడుకు బడికి తొక్కుతున్నాడు. దానికి రెండు పట్టీలు వేశారు.

ఒక చుట్ట పూర్తిగా అయిపోయింది. రెండవది సగం మిగిలి ఉన్నది. ట్రాక్టరు ట్రాలీల వారితో వచ్చే ఆదివారం మాట్లాడవలసి ఉన్నది.