గాలి చూపిన బాట

హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే రోడ్డు మీద దక్షిణంగా వెళితే శంషాబాదు వస్తుంది. ఇది దక్కను పీఠభూమి. సముద్రమట్టానికి 600 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్నది. 2008 మార్చిలో ఇక్కడ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం తెరిచారు. అంతకు పూర్వం ప్రయాణీకుల విమానాలు నగరం నడుమ బేగంపేటలో దిగేవి.

శంషాబాదులో పెద్ద రన్‌వే, అంటే విమానం పరుగెత్తే బాట, 4,260 మీటర్ల పొడవు. దాని పడమటి కొసన 09 అనీ, తూర్పు కొసన 27 అనీ అంకెలుంటాయి. ఉత్తరం నుంచి కుడివైపుగా కోణం కొలిస్తే తూర్పు 90 డిగ్రీలు, పడమర 270 డిగ్రీలు. చివరి సున్న తీసివేస్తే ఆ అంకెలే మిగులుతాయి. పడమటికి పరుగెత్తే విమానం తూర్పు కొసన బయలుదేరుతుంది గనుక అక్కడ 27 ఉన్నది.

బాటను తూర్పు పడమరలుగానే ఎందుకు వేశారు?

గాలిపటం ఎగరవేసే పిల్లవాడు గాలికి ఎదురు పరుగెత్తుతాడు గదా! విమానమూ అంతే. రెక్కల మీదుగా గంటకు 250 కిలోమీటర్ల వేగంతో గాలి పారితేనే ఒక విమానం లేస్తుందనుకుందాం. ఎదురుగాలి 30 కిలోమీటర్లుంటే నేలమీద 220 కిలోమీటర్ల వేగం చాలు. అదే గాలి వెనుకనుంచి వీస్తే 280 కావాలి. అప్పుడు బాట మరింత పొడుగు కావాలి, ప్రమాదమూ హెచ్చు.

వేసవిలో సముద్రం కంటే నేల త్వరగా వేడెక్కుతుంది. నేలమీది గాలి తేలికై పైకి పోతుంది. ఆ చోటికి సముద్రపు గాలి వస్తుంది. అదే నైరుతి ఋతుపవనం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ పడమటి వైపు గాలులు జోరుగా వీస్తాయి. చలికాలంలో తూర్పు వైపు గాలులు ఎక్కువ. ఏటేటా జరిగే ఈ తీరును శీతోష్ణస్థితి అంటారు. బాట ఏ దిక్కుగా వేయాలో అది చెబుతుంది.

కాని ఈ పూట ఏ కొసనుంచి లేవాలో చెప్పేది వాతావరణం. మే నెల సాయంకాలం ఉరుముల మబ్బు కమ్మితే నిమిషాలలో గాలి దిక్కు మారవచ్చు. అందుకే విమానాశ్రయంలో గాలిని రాత్రింబగళ్ళు కొలుస్తూ ఉంటారు. గాలివాన వస్తే విమానాలను ఆపుతారు, వచ్చేవాటిని మరో ఊరికైనా పంపుతారు.

రైతుకూ ఈ రెండూ కావాలి. ఏ పంట వేయాలో శీతోష్ణస్థితి చెబుతుంది. ఏ రోజున విత్తాలో వాతావరణం చెబుతుంది. ఒక్క రోజు చలి చూసి శీతోష్ణస్థితి మారిందనకూడదు. దానికి శాస్త్రజ్ఞులు 30 ఏళ్ళ సగటు చూస్తారు. ఇప్పటి లెక్క 1991 నుంచి 2020 వరకు. భూమి వేడెక్కుతున్నది గనుక పదేళ్ళకొకసారి ఆ లెక్క తిరిగి వేస్తారు.

పిల్లలూ! మేడమీద ఒక కర్రకు సన్నని గుడ్డపేలిక కట్టండి. రోజూ ఉదయం, సాయంత్రం గాలి ఎటునుంచి వీస్తున్నదో పుస్తకంలో రాయండి. నెలలో మీకు తెలిసేది వాతావరణం. మీ తరువాతివాళ్ళు కూడా 30 ఏళ్ళు రాస్తే, మీ ఊరి గాలి నడిచే బాట ఆ పుస్తకంలో కనబడుతుంది.