ఆరుగురి ఆట

పిల్లలూ! నేను ముప్ఫయ్యేళ్ళకు పైగా పంతులుగా పనిచేశాను. చివరి పదకొండేళ్ళూ హెడ్మాస్టరుని. తప్పుచేసిన పిల్లలచేత ఎన్నోసార్లు క్షమాపణ చెప్పించాను. కాని నేనే పిల్లలకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చినది ఒక్కసారే. అది ఎలా జరిగిందో చెబుతాను, వినండి.

2015 వేసవిలో ఉద్యోగం నుంచి విరమించి, కొన్నాళ్ళు హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మా మనవడికి అప్పుడు పధ్నాలుగేళ్ళు. సాయంత్రమయేసరికి వాడు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని టీవీ ముందు చేరేవాడు. టీవీకి ప్లేస్టేషన్ 4 అనే ఆటపెట్టె కలిపి ఉండేది. తెరమీద తుపాకులూ, మంటలూ, అంతరిక్ష నౌకలూ! వీడేమో, "నేను వచ్చేదాకా అక్కణ్ణించి కదలకు!" అని కేకలు పెడుతూండేవాడు. గదిలో మరెవరూ లేరు గదా, ఎవరితో మాట్లాడుతున్నావని నేను అడగనైనా లేదు.

ఒకనాడు రాత్రి తొమ్మిదిన్నరయింది. అన్నానికి మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ, "ఇంకొక్క అయిదు నిమిషాలు, తాతయ్యా!" అన్నాడు. నాకు కోపం వచ్చి స్విచ్చి కట్టేశాను. తెర నల్లబడింది.

వాడు నామీద అరవలేదు. ఏడుపు దిగమింగి, "అయిదుగురు నన్ను నమ్ముకుని ఉన్నారు, తాతయ్యా," అని మట్టుకు అన్నాడు. అన్నం తినకుండానే పడుకున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు వాడి పక్కన కూర్చుని, "ఎవరా అయిదుగురు? ఏమిటా ఆట?" అని అడిగాను.

ఆట పేరు డెస్టినీ. అమెరికాలోని బంజీ అనే సంస్థ తయారుచేయగా, 2014 సెప్టెంబరు 9న విడుదలయింది. ఆడేవాడు టైటన్, హంటర్, వార్లాక్ అనే వీరులలో ఒకరి వేషం ఎంచుకుని, శత్రువులతో పోరాడుతూ చంద్రుడూ, శుక్రుడూ, కుజుడూ తిరుగుతాడు. ఆడినకొద్దీ వాడి శక్తీ, ఆయుధాలూ పెరుగుతాయి. ఎవరి ఇంట్లో వాళ్ళుండి, ఇంటర్నెట్టు ద్వారా కలిసి ఆడవచ్చు.

అందులో శుక్రగ్రహం మీద "వాల్ట్ ఆఫ్ గ్లాస్" అనే నేలమాళిగ ఉన్నది. దానిలోకి ఆరుగురు జట్టుగా వెళతారు. దాని తలుపు తెరవాలంటేనే మూడుచోట్ల ఒకేసారి కాపలా కాయాలి. చిట్టచివర ఏథియాన్ అనే మహాయంత్రం జట్టులో ముగ్గురిని మరో కాలంలోకి విసిరేస్తుంది. ఇవతల మిగిలినవాళ్ళు ద్వారం తెరిస్తేగాని వాళ్ళు తిరిగి రాలేరు. ముందురాత్రి ద్వారం దగ్గర ఉన్నవాడు మా మనవడు. సరిగా అప్పుడే నేను స్విచ్చి కట్టేశాను! జట్టంతా ఓడిపోయింది.

నాకు మా బడిలో కబడ్డీ పందేలు గుర్తొచ్చాయి. కూతకు వెళ్ళిన పిల్లవాణ్ణి ఎవరి తండ్రయినా వచ్చి చెయ్యిపట్టి లాక్కుపోతే నేను ఊరుకునేవాణ్ణా? నేను చేసిన పని అదే. అయితే నా కంటికి మైదానం కనిపించలేదు, అంతే తేడా.

ఆ సాయంత్రం వాడి హెడ్‌సెట్ నా చెవులకు పెట్టించుకుని, "బాబూ, నిన్న మీ ఆట చెడగొట్టినది మా వాడు కాదు, నేను. నన్ను క్షమించండి," అన్నాను. ఒక నిమిషం నిశ్శబ్దం. తరవాత విశాఖపట్నంలో ఉన్న వాడి పిన్ని కొడుకు, "ఫరవాలేదు, తాతయ్యా! ఓడిన చోటినుంచే మళ్ళీ మొదలుపెట్టవచ్చు," అన్నాడు.

ఆపైన మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆట ఎప్పుడు ముగుస్తుందో మొదలుపెట్టకముందే వాడు చెప్పాలి. చెప్పిన వేళదాకా నేను పిలవకూడదు. ఆ వేళ దాటిందా, మర్నాడు ఆట లేదు. ఆ వేసవిలో వాడు ఒక్కసారే మాట తప్పాడు. మర్నాడు తనంత తనే ఆటపెట్టె ముట్టలేదు.

మరొక లాభం కూడా కలిగింది. ఆటలోని శుక్రగ్రహం మీద పచ్చని చెట్లు చూసి, "నిజంగా అక్కడ ఇలాగే ఉంటుందా, తాతయ్యా?" అని అడిగాడు. ఉండదన్నాను. అక్కడి నేలమీద వేడి సుమారు 460 డిగ్రీలు. సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుంది. గాలి ఒత్తిడి మన భూమి మీదకన్నా దాదాపు 90 రెట్లు. 1970లో అక్కడ దిగిన రష్యావారి వెనీరా-7 నౌక 23 నిమిషాలే సంకేతాలు పంపగలిగింది. అలాగే, ఆటలో కుజుడి దగ్గరికి చిటికెలో పోవచ్చుగాని, 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మన మంగళయాన్‌కు అక్కడికి చేరటానికి పది నెలలకు పైగా పట్టింది. ఇదంతా విని, వాడు మర్నాడు ఆ సంగతులు మిగతా అయిదుగురికీ చెప్పాడు.

పిల్లలూ, ఆటకు కూర్చునేముందు ఎప్పుడు లేస్తారో పెద్దవాళ్ళతో చెప్పండి, చెప్పినట్టు లేవండి. పెద్దలకు నా మనవి ఒక్కటే: స్విచ్చి కట్టేముందు ఒక్కసారి పక్కన కూర్చుని, "అవతల ఎవరున్నారు?" అని అడగండి.