తడి గింజలు పైన

మా చిచ్చాకి కర్నూలులో అత్తర్ దుకాణ్ ఉంది. మసీదు గోడకి ఆనుకొని, ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీదే ఆగాల్సినంత చిన్నది. అత్తర్, సుర్మా, తస్బీలు, మిస్వాక్, టోపీలు. రంజాన్‌లోనూ బక్రీద్ ముందూ గిరాకీ. మిగతా రోజుల్లో జుమా జుమాకి నాలుగు సీసాలు అమ్మితే గొప్ప. పోయిన షాబాన్ నెలలో ఫోన్ చేసి, "బేటా, అందరూ సెల్లులోనే కొంటున్నారంట. మనకీ ఒక వెబ్‌సైట్ చేసిపెడతావా?" అన్నాడు. అడగడానికి ఎంత మొహమాటపడ్డాడో గొంతులోనే తెలిసింది. 3 నెలల కిరాయి బాకీ ఉందని చాచీ తర్వాత చెప్పింది.

నా రోజీ అదే. హైదరాబాద్‌లో 12 ఏళ్లుగా వెబ్‌సైట్లు డిజైన్ చేస్తున్నా. అత్తర్ అమ్మడంలో ఒక చిక్కుంది: వాసన తెర మీదికి రాదు. దుకాణ్‌లో అయితే చిచ్చా మణికట్టు మీద ఒక చుక్క రాస్తాడు, సగం బేరం అక్కడే అయిపోతుంది. ఫోన్‌లో ఆ చుక్క పని మాటలు చేయాలి. 'మిట్టీ అత్తర్' అని రాసి ఊరుకుంటే తెలియనివాడు దాటిపోతాడు. "కాల్చిన మట్టిని రాగి దేగ్‌లో నీళ్లతో మరిగించి తీసినది, తొలకరి పడ్డప్పటి వాసన" అంటే ఆగి చదువుతాడు. ఇక వాసన చూడకుండా 12 మి.లీ. సీసా ఎవరు కొంటారు? అందుకని 3 మి.లీ. సీసాలు నాలుగు కలిపి ఒక నమూనా డబ్బా పెట్టాను. పోస్టు ఖర్చు మొదట్లోనే చూపించాను, డబ్బు కట్టే చోట కొత్త అంకె కనిపిస్తే మనిషి వెనక్కి పోతాడు. కింద వాట్సాప్ బటన్, మన ఖాలాలు అమ్మీలు అడిగి గానీ కొనరు కదా. ఇంతవరకు నాకు సిగ్గుపడేదేమీ లేదు.

తర్వాత అలవాటు కొద్దీ మిగతావీ చేర్చేశా. పైన ఎర్రటి గడియారం: "ఆఫర్ 14 నిమిషాల్లో ముగుస్తుంది." పేజీ మళ్లీ తెరిస్తే మళ్లీ 14 నిమిషాలే. "ఇక 2 సీసాలే ఉన్నాయి." మూలన చిన్న డబ్బాలో "నిజామాబాద్ నుంచి ఒకరు ఇప్పుడే కొన్నారు."

ఊరెళ్లి, అసర్ నమాజ్ అయ్యాక దుకాణ్‌లో కూర్చుని చూపించా. చిచ్చా కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కో అక్షరం చదివాడు.

"నిజామాబాద్ ఆయన ఎవరు?"

"ఎవరూ లేరు చిచ్చా. అది మెషీన్ చెప్పేది."

"నజష్ కదా బేటా ఇది?" అన్నాడు. కొనే ఉద్దేశం లేని మనిషి పక్కన నిలబడి, కొనేవాడిని మోసగించడానికి ధర పెంచడం నజష్. హదీసులో మనా ఉంది. మదరసాలో చదివిందే నేనూ. ఈ మెషీన్ మాటకి అది అతుకుతుందని ఎన్నడూ తోచలేదు.

అసలు సంగతి ఇంకా కిందుంది. కన్నౌజ్ పాత పద్ధతిలో దేగ్‌లో పూలు మరిగిస్తే ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కాలోకి పోయి అక్కడున్న చందన తైలంలో కలుస్తుంది. చందనం ధర చుక్కలనంటాక చౌక అత్తర్లలో దాని బదులు లిక్విడ్ పారాఫిన్ లాంటివి వాడుతున్నారు. చిచ్చా అమ్మే 300 రూపాయల లోపు సీసాలు అవే. గల్లా దగ్గర అడగకముందే చెప్తాడు. నేను పైన "కన్నౌజ్ సంప్రదాయం" అని పెద్దక్షరాల్లో రాసి, పారాఫిన్ సంగతి అడుగున 'తరచూ అడిగే ప్రశ్నల్లో' ఆరోదిగా పెట్టాను. అబద్ధమైతే రాయలేదు.

చిచ్చా వేలితో తెరని అడుగుదాకా జరిపి చూసి, ఫోన్ నా చేతికిచ్చి, "తడి గింజలు పైన పెట్టు బేటా" అన్నాడంతే.

మీకు తెలిసిందే. బజారులో రసూలుల్లాహ్ (స) ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే వేళ్లకి తడి తగిలింది. వాన పడిందని చెప్పాడు వ్యాపారి. మరి జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు ఆయన. వెబ్ పేజీలో ఏది పైన, ఏది కింద అన్నదే నా వృత్తి. ఆ వాకియా ఎన్ని జుమా ఖుత్బాల్లో విన్నానో.

చట్టం కూడా తెలియక కాదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి ఎత్తులు 13 రకాలని చెప్పి మార్గదర్శకాలు తెచ్చింది. లేని తొందర పుట్టించడం, అడుగున కొత్త ఖర్చులు కలపడం అందులో ఉన్నాయి. ఒక క్లయింటుకి చెప్తే నవ్వి, అందరూ చేసేదే అన్నాడు. నేనూ చేసిచ్చాను. పిల్లల ఫీజులు ఆ డబ్బుతోనే కట్టాను. ఆ రాత్రి చాచీ వేసిన పరుపు మీద ఈ లెక్కే తిరిగింది బుర్రలో.

పొద్దున ఫజర్ తర్వాత గడియారం తీసేశా. నిజామాబాద్ ఆయన్నీ తీసేశా. ప్రతి సీసా పేరు కిందే దేంట్లో తీసిందో రాశా. చందనం, పారాఫిన్, ఏదైతే అది. మొదటి నెల 23 ఆర్డర్లు వచ్చాయి, ఎక్కువ నమూనా డబ్బాలే. అందులో 5 మంది మళ్లీ పెద్ద సీసా అడిగారు. కిరాయి ఇంకా 2 నెలలది బాకీ ఉంది.

సోమవారం ఆఫీసులో కొత్త క్లయింటు గడియారం కావాలన్నాడు. ఆఫర్ నిజంగా ఏ తారీఖున ముగుస్తుందో చెప్పండి, ఆ తారీఖుకే పెడతా అని మెయిల్ రాశా. ఇంకా జవాబు రాలేదు.