కాల్హేర్‌లో కోలల చప్పుడు

ఠాణే నుంచి భివండీ పోయే పాత ఆగ్రా రోడ్డులో కశేళీ వంతెన దాటాక వస్తుంది కాల్హేర్. ఒక పక్క గోదాములు, ఒక పక్క పవర్‌లూమ్ షెడ్లు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మన నేతవాళ్ళు వాటిని సాంచాలు అంటారు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు భివండీ చుట్టుపక్కల ఏనాటి నుంచో ఉన్నాయి. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె తర్వాత సాంచాల పని ఇంకా పెరిగింది.

బాంకు బదిలీ మీద ఇటు వచ్చిన గుంటూరు జిల్లావాళ్ళం మేము. మా ఊళ్ళో శ్రీరామనవమికి రామాలయం ముందు కోలాటం వేసేవారు, అదీ మగవాళ్ళే. గురువు నడుమ నిలబడి తాళాలు వాయిస్తూ, ఈల వేసి ఆట మార్చేవాడు. ఒక్కొక్క ఆట తీరును ‘కోపు’ అనేవారు. ఎదురుగా నిలబడి కోల కలిపే జతగాడు ‘ఉద్ది’. ఈ మాటలు తెలుగువాళ్ళందరికీ తెలుసనే అనుకునేవాణ్ణి.

గత దసరాకు ఆ భ్రమ తీరింది. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళు చప్పట్ల ఆట అయ్యాక కోలలు అందుకున్నారు. మా ఆవిడా చేరింది. కాసేపాగి, “ఇక కోపు మారుద్దామా?” అంది. పక్కావిడ ఆట ఆపేసి, “కోపమెందుకొచ్చింది వదినా?” అని అడిగింది. అందరూ ఒకటే నవ్వు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఒక ఊరివాళ్ళు మొదటి దెబ్బకు తమ రెండు కోలలూ తామే కొట్టుకుంటారు. ఇంకో ఊరివాళ్ళు మొదటి దెబ్బే ఎదుటి మనిషి కోలకు ఇస్తారు. రెండూ కలిసేసరికి ఒక చిన్నపిల్ల వేలు నలిగింది. “మాదే అసలు ఆట” అంటే “కాదు, మాది” అని మాటలు పెరిగాయి. ఆ పిల్ల కోలలు అక్కడ పడేసి, డీజే పెట్టిన గర్బా పందిరి వైపు వెళ్ళిపోయింది. దాంతో అందరూ గప్‌చుప్.

సిరిసిల్ల వైపు పెద్దమ్మ ఒకావిడ, డెబ్బై దాటిన మనిషి, లేచి వచ్చింది. “పేరు ఏదైతేంది బిడ్డా? ముందుగాల కాళ్ళు జూడుండ్రి. ఒకపారి మీ తీరు, ఒకపారి మా తీరు” అంది. అలాగే ఆడారు. పక్కింటి గుజరాతీ అమ్మాయి దాండియా కోలలతో వచ్చి, ఒక్క మాట అర్థం కాకపోయినా, మూడు చుట్లలో కలిసిపోయింది.

ఆట అయ్యాక పెద్దమ్మ జడ కోలాటం సంగతి చెప్పింది. పైనుంచి రంగు తాళ్ళు వేలాడదీస్తారు. ఆడేవాళ్ళు తలా ఒకటి పట్టుకుని, సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఒకరికి లోపలగా, మరొకరికి వెలుపలగా పోతుంటే జడ అల్లుకుంటుంది. తిరిగి అదే దారిన వెనక్కి ఆడితే విడిపోతుంది. ఒక్కరు తప్పితే చిక్కే! “అల్లుడు అందరికొస్తది సారూ. ఇప్పుడు తెలిసినోళ్ళే లేకుంట పోతున్నరు” అందామె.

అది విన్న మరాఠీ ఇల్లాలు, “అరే, ఇది మా గోఫ్ కదా!” అంది. చిన్నప్పుడు బడిలో ఆడిందట. కోలలను వాళ్ళు ‘టిప్రీ’ అంటారు. ఆవిడ ఒక అడుగు, పెద్దమ్మ ఒక అడుగు గుర్తు చేసుకుంటూ, చీర కొంగులే తాళ్ళుగా పట్టుకుని, నాలుగు చుట్లు అల్లి విప్పి చూపించారు.

హంపీలో మహర్నవమి దిబ్బ రాళ్ళ మీద కోలలు పట్టిన స్త్రీల బొమ్మలున్నాయి. రాయి భంగిమను దాచింది. అడుగూ, దాని పేరూ మాత్రం మనుషుల దగ్గరే ఉంటాయి.

మర్నాడే ఒక పాత డైరీ తీసి పెద్దమ్మ మాటలు ఒక వైపు, మా ఊరి మాటలు ఒక వైపు, జమా ఖర్చుల్లాగా రాయడం మొదలుపెట్టాను. వచ్చే దసరాకు తాళ్ళు కట్టాలని అనుకున్నాం. వేలు నలిగిన పిల్ల కూడా వస్తానంది, మొదటి దెబ్బ ఎవరికో ముందే చెప్పాలన్న షరతు మీద.

షోలాపూర్, సూరత్, ఇంకెక్కడున్నా సరే, మీ ఇంటి పెద్దలు ఏ అడుగును ఏమనేవారో అడిగి రాసిపెట్టండి. ఏది అసలుదన్న తగువు తర్వాత పడదాం.